ఏడవొద్దని చెప్పని కవితలు

ఒరేయ్ చిన్నా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మ, నా పిన్ని, పోయాక పెట్టిన ఆదరణ కూడికకు వచ్చినవాళ్లంతా "దేవుని చిత్తం బాబూ, ఏడవకూడదు" అంటుంటే నీకు ఊపిరాడలేదని రాశావు. ఆ రోజు నుంచి మోకరించినా నోట ఒక్క మాట రావడం లేదనీ, విశ్వాసం పోయిందేమోనని భయంగా ఉందనీ రాశావు. నాకలా అనిపించడం లేదురా. పిన్ని లాంటి మనిషి పోతే మాట రాకపోవడమే న్యాయం. సొంత మాట రానప్పుడు ఇంకొకరి మాట తెచ్చుకుని ప్రార్థించుకోవచ్చు. మా నాన్న పోయిన ఏడాది నేను చేసింది అదే. ఆ కవితల గురించే ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. ఒక్కసారే చదవక్కర్లేదు, ఓపిక ఉన్నప్పుడు చదువు.

బైబిల్లో కీర్తనలనగానే మనకు 23వ కీర్తనే నోటికొస్తుంది. సండే స్కూల్లో అదే బట్టీ పట్టాం, భూస్థాపన దగ్గరా అదే చదువుతారు. దాని విలువ దానిది. కానీ ఆ 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ ఫిర్యాదులూ ఏడుపులే. 13వ కీర్తన తెరువు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలవుతుంది. 42లో "రాత్రింబగళ్లు నా కన్నీళ్లు నాకు అన్నపానములాయెను" అంటాడు. 88 అయితే మరీ కటువు. మిగతా మొరలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాని కింద ఒక ఓదార్పు మాట చేర్చాలని ఎవరికీ అనిపించలేదో, అనిపించినా చేర్చలేదో గానీ, ఇన్ని వందల ఏళ్లుగా అది అలాగే పరిశుద్ధ గ్రంథంలో ఉంది. నిద్రపట్టని రాత్రుల్లో నేను ఎక్కువగా చదివింది దాన్నే. ఎందుకంటే ఆ మనిషి తన చీకటి గురించి చెప్పుకుంటున్నది దేవుడితోనే. మొదటి వచనంలోనే "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలిచాడు. మంచి శుక్రవారం నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోదిగా మనం వినే "నా దేవా, నా దేవా" అన్న కేక కూడా 22వ కీర్తన మొదటి పాదమే కదా. అంతటి బాధలో ప్రభువు నోట వచ్చిందీ ఒక పాత కవితేనన్నమాట.

మన పాటల పుస్తకంలోనూ ఇలాంటి మొర ఉంది. పురుషోత్తము చౌధరి గారి "త్రాహిమాం క్రీస్తు నాథ" గుర్తుందా? 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన మనిషి, ఆయన పాటలు ఇప్పటికీ మన చర్చిల్లో పాడుతున్నాం. ఆ పాట మొదటి మాటే రక్షించమనే అరుపు. పిన్ని దాన్ని నెమ్మదిగా, ప్రతి మాటా సాగదీసి పాడేది. నీకు పాడాలనిపించకపోతే వద్దు, ఊరికే పైకి చదువు.

ఇక నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది విలియం కూపర్ అనే కవి గురించి. 1731లో ఇంగ్లండులో పుట్టాడు. ఆరేళ్లు నిండకముందే తల్లి పోయింది. పెద్దయ్యాక మనసు చెదిరి చనిపోవాలని ప్రయత్నించాడు, ఆసుపత్రిలో ఉన్నాడు. కోలుకుని ఓల్నీ అనే చిన్న ఊరు చేరాడు. అక్కడి పాదిరి జాన్ న్యూటన్, 'అమేజింగ్ గ్రేస్' రాసినాయన. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా పనిచేసి తర్వాత మారిన మనిషి. ఇద్దరూ కలిసి రాసిన పాటలు 1779లో పుస్తకంగా వచ్చాయి. కానీ ఆ లోపే, 1773లో, కూపర్‌కు జబ్బు తిరగబెట్టింది. దేవుడు తనను వదిలేశాడన్న తలపు ఆయన్ని పట్టుకుంది, బతికినన్నాళ్లూ పూర్తిగా వదల్లేదు. మళ్లీ ఆరాధనకు వెళ్లలేకపోయాడు. అప్పుడు న్యూటన్ ఏం చేశాడో తెలుసా? ఏడాదికి పైగా ఆయన్ని తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు. న్యూటన్ ప్రసంగాలన్నిటికంటే నాకు ఆ ఏడాదే గొప్పగా అనిపిస్తుంది.

1790లో, కూపర్‌కు 58 ఏళ్లప్పుడు, ఒక బంధువు ఆయనకు వాళ్లమ్మ చిత్రపటం పంపింది. యాభై ఏళ్లు దాటాక ఆ ముఖం చూసి ఒక పెద్ద కవిత రాశాడు. సమాధి చేసిన రోజు గంట వినడం, కిటికీలోంచి శవపేటిక బండి మెల్లగా వెళ్లిపోవడం చూడటం, అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో పనివాళ్లు పిల్లాడి ఏడుపు చూడలేక అమ్మ తొందరగా వచ్చేస్తుందని చెప్పేవాళ్లట. రేపు, రేపు అని ఎదురుచూసి, ఏడ్చి ఏడ్చి, చివరికి ఊరుకున్నానని రాశాడు. నువ్వు విన్న ఆ మంచి మాటలు కూడా అలాంటివేరా, చెప్పినవాళ్లలో ప్రేమే ఉంది గానీ నీ ఏడుపుకు చోటివ్వలేదు.

ఆ కవిత చివర్లో అమ్మను గాలి కలిసొచ్చి ఒడ్డు చేరిన ఓడగా చెబుతాడు. తుపాను తాకని రేవు అది. తన ఓడ మాత్రం తెరచాపలు చిరిగి, దిక్సూచి పోయి, ఇంకా సముద్రంలోనే ఉంది. తాను అక్కడికి చేరతానన్న ఆశ ఆయనకు అంతంతమాత్రం. అమ్మ చేరిందన్న విషయంలో మాత్రం అనుమానం లేదు. చిన్నా, ఇప్పటికి నీకు ఆ రెండో భాగం చాలు. నీ సంగతి తేలేదాకా పిన్ని సంగతిలో నిశ్చయంగా ఉండు. నేను పునరుత్థానాన్ని నమ్ముతున్నాను, పిన్నిని మళ్లీ చూస్తామని నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే ఇది రాస్తున్నాను. నువ్వు నమ్మలేని రోజున నీ వంతు కూడా నేను నమ్ముతాను.

ఏదైనా ఒక్క వాక్యం నోట్లో ఉంచుకోవాలనిపిస్తే 56వ కీర్తనలోది తీసుకో: "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." కవిలె అంటే లెక్కలు రాసుకునే పుస్తకం. ప్రార్థనగా ఈ మాత్రం చాలు, ఆమేన్ కూడా అనక్కర్లేదు.

కూపర్ కవితను తెలుగులో పెట్టడం మొదలుపెట్టాను, పూర్తికాగానే పంపిస్తాను. నవంబరు 2న సమాధుల పండగకు వస్తున్నాను, రెండు రోజులు ముందే. పిన్ని సమాధికి సున్నం ఇద్దరం కలిసి వేద్దాం. బాబాయికి మందులు అయిపోతుంటే చెప్పు, వచ్చేటప్పుడు ఇక్కడ కొనుక్కొస్తాను. చెల్లికి నా వందనాలు చెప్పు.

నీ
అన్నయ్య కానీ అన్నయ్య