లాలాజల గొట్టంలో రాయి తీస్తే పళ్ల వైద్యమా? క్లెయిమ్ తిరస్కరణపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

అయ్యా,

మా అమ్మగారి క్లెయిమ్‌ను "డెంటల్ ట్రీట్‌మెంట్, పాలసీలో కవర్ కాదు" అని ఒక్క ముక్కలో కొట్టేశారు. ఆవిడకు ఉన్నవన్నీ కట్టుడు పళ్లే. లోపలికి తీసుకెళ్లే ముందు నర్సు వాటిని తీయించి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. మరి ఏ పంటికి వైద్యం జరిగిందనుకున్నారో మీరే చెప్పాలి.

జబ్బు ఎడమ దవడ కింది లాలాజల గ్రంథిది. అక్కడి నుంచి నాలుక కిందికి వచ్చే గొట్టం సుమారు 5 సెంటీమీటర్లుంటుంది. అందులో రాయి అడ్డుపడింది. లాలాజల రాళ్లలో నూటికి 80 దాకా ఈ గ్రంథిలోనే వస్తాయి. ఇక్కడ ఊరేది చిక్కన, పైగా అది ఎగువకు పారాలి. పులుపు తగిలితే చాలు, ఊట ఎక్కువై, పోయే దారి లేక దవడ కింద ఉబ్బేసేది. పులస పులుసు వండిన రోజు ఆవిడ రెండు ముద్దలకే కంచం పక్కకు నెట్టేశారు. మీరు గోదావరి వైపు వాళ్లయితే ఆ నొప్పి ఏపాటిదో ఇంకేం చెప్పక్కర్లేదు.

విశాఖలో ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఎక్స్‌రే లాంటి వాటిలో చూస్తూ చికిత్స చేసే డాక్టరు) నోటి వరకే మత్తు ఇచ్చి, గొట్టంలోకి ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి, తెర మీద చూస్తూ, ఇరుకైన చోట చిన్న బెలూన్ ఉబ్బించి దారి చేశారు. ఆ తర్వాత సన్నటి తీగబుట్టతో 4 మిల్లీమీటర్ల రాయిని పట్టి లాగారు. సాయంత్రానికి పంపించేశారు. పాత పద్ధతిలో అయితే మెడ దగ్గర కోసి గ్రంథినే తీసేసేవారు. కింది పెదవిని కదిపే నరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉండేది. ఆ కోత అయితే క్లెయిమ్ వచ్చేదని మీ కాల్ సెంటర్ అమ్మాయే చెప్పింది. గ్రంథి పోగొట్టుకుంటే డబ్బు, కాపాడుకుంటే సున్నా. ఇదేం లెక్కండీ?

24 గంటలు ఆసుపత్రిలో లేరన్నది మీ రెండో సాకు. కొత్త పద్ధతుల వల్ల 24 గంటల లోపే ముగిసే చికిత్సను, మత్తు ఒంటికంతా ఇచ్చినా ఒకచోటే ఇచ్చినా, డే కేర్ అంటారని మీ పాలసీ పుస్తకంలోనే ఉంది.

తిరస్కరణ వెనక్కి తీసుకుని బిల్లు మొత్తం చెల్లించండి. కాదంటే, దీన్ని పళ్ల వైద్యమని తేల్చిన డాక్టరు ఎవరో, ఆయన చదువేమిటో రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్తాను.

సియాలోగ్రామ్ (మందు ఎక్కించి తీసిన ఆ గొట్టం ఎక్స్‌రే) సీడీ, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లుల నకళ్లు మళ్లీ జతచేస్తున్నాను. రాయి సీసాలో నా దగ్గరే ఉంది, చూడాలంటే మీ మనిషిని పంపండి.

ఇట్లు,
పాలసీదారు,
రాజోలు, కోనసీమ