అడగడానికి కాదులే

తెనాలి,
2024 ఆగస్టు 20

అమ్మలూ,

వరలక్ష్మీ వ్రతం నాడు ఫోనెత్తలేదు, ఆదివారమూ ఎత్తలేదు. పని ఎక్కువైందేమోలే అనుకున్నాం. గోంగూర పచ్చడి కొరియర్‌లో వేశాను, అందగానే సీసా మూత చూడు, నూనె కారుతుందేమో. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది. పద్మ పిన్ని మాత్రం మాటల్లో అంది, నువ్వు మీ కంపెనీ ఇంటెల్ షేర్లు ఒక్కటీ అమ్మనంటున్నావనీ, పైగా ఇంకొన్ని కొంటానంటున్నావనీ. అది అడగడానికి కాదులే ఈ ఉత్తరం.

అక్కడ వానలు తగ్గాయా? పేపర్లో చదివాను. ఆగస్టు 1న మీ ఇంటెల్ వాళ్ళు పదిహేను వేల ఉద్యోగాలు తీసేస్తామన్నారు, నాలుగో త్రైమాసికం నుంచి డివిడెండూ ఉండదన్నారు. మర్నాడు షేరు 26 శాతం పడింది. నీ జీతమూ అక్కణ్ణుంచే, దాచుకున్నదీ అక్కడే. షేరు పడే రోజుల్లోనే ఉద్యోగాలూ పోతాయి. ఆరు నెలల అద్దె, ఈఎమ్ఐలు బ్యాంకులో విడిగా ఉన్నాయా?

"21 డాలర్లకొచ్చాక ఇంకేం పడుతుంది" అంటున్నావట. ఏడాది మొదట్లో 50 దగ్గరున్నది మళ్ళీ అక్కడికి రావాలంటే ఇంచుమించు 140 శాతం పెరగాలి. 2000 ఆగస్టులో ఇదే షేరు 75 దగ్గరుంది. ఇరవై నాలుగేళ్ళు!

మూర్తి మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. శాన్ హోసేలో ఆయన కంపెనీ ఆప్షన్లిచ్చింది, అంటే ముందే అనుకున్న ధరకి షేర్లు కొనుక్కునే హక్కు. 2000లో షేరు మంచి ఊపు మీదున్నప్పుడు ఆప్షన్లు వాడి షేర్లు తీసుకున్నాడు. ఏడాది దాటాక అమ్మితే పన్ను తక్కువని అందరూ చెప్పారు, అట్టే పెట్టాడు. అమెరికాలో ఏఎమ్‌టీ అని ఒక పన్నుంది. షేరు అమ్మకపోయినా, తీసుకున్న రోజు ధరకీ ఆప్షను ధరకీ ఉన్న తేడాని ఆదాయం కింద లెక్కేస్తుంది. ఏప్రిల్లో పన్ను కట్టే వేళకి షేరు పదో వంతుకొచ్చింది. ఉన్నవన్నీ అమ్మినా పన్నుకి చాల్లేదు. ఆ డిసెంబరు 31 లోపు అమ్మేసుంటే ఏఎమ్‌టీ ఊసే ఉండేది కాదు. అత్తయ్య గాజులప్పుడే పోయాయి, పెళ్ళిళ్ళలో వాటి సంగతి ఆవిడనడగబోకు.

నువ్వు పన్ను కట్టేది ఇండియాలో కాబట్టి నీకు ఏఎమ్‌టీ లేదు గానీ మెలిక అలాంటిదే. మార్చిలో వెస్టయిన (నీ చేతికొచ్చిన) ఆర్‌ఎస్‌యూల మీద, అదే కంపెనీ జీతంతోపాటిచ్చే షేర్ల మీద, 43, 44 డాలర్ల లెక్కన జీతంలో కలిపి పన్ను కోసేశారు. వందకి ముప్పై పైచిలుకు షేర్లు దానికే పోయాయి. ఇప్పుడు 21కి అమ్మితే వచ్చే నష్టాన్ని జీతంలోంచి తీసెయ్యడం కుదరదు, కాపిటల్ గెయిన్స్‌లోంచే (షేర్లూ ఆస్తులూ అమ్మగా వచ్చిన లాభాల్లోంచే) తియ్యాలి. 24 నెలలు దాటాక అమ్మితే పన్ను 12.5 శాతమే అని ఆగుతున్నావేమో, అది లాభానికి. నష్టానికి లెక్క తిరగబడుతుంది. 24 నెలల లోపు నష్టమైతే ఏ కాపిటల్ గెయిన్‌లోంచైనా తియ్యొచ్చు. దాటితే లాంగ్ టర్మ్ (చాలాకాలం ఉంచుకుని అమ్మినవాటి) లాభంలోంచే. మిగిలింది ఎనిమిదేళ్ళు మోసుకెళ్ళొచ్చు, కానీ రిటర్ను గడువులోగా వెయ్యాలి. నువ్వేమో జులై 31 రాత్రి పదకొండింటికి పాస్‌వర్డ్ వెతుక్కునే రకం.

రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏ నింపావా? అందులో జనవరి నుంచి డిసెంబరు లెక్క, మన ఏప్రిల్ నుంచి మార్చి లెక్క కాదు. అమ్మేసినవీ రాయాలి. మరిచిపోతే పది లక్షల పెనాల్టీ పడొచ్చు. ఇంకోటి, అపశకునం అనుకోకు, అమెరికా షేర్లు 60,000 డాలర్లు దాటితే మనిషి పోయాక అక్కడి ఎస్టేట్ టాక్సు 40 శాతం దాకా ఉంటుంది.

మళ్ళీ లెక్చరిస్తున్నానని నాన్నగారు నవ్వుతున్నారు. సరే, అన్నీ అమ్మమనట్లేదు. కొత్తగా వెస్టయ్యేవి మాత్రం వచ్చిన రోజే అమ్మెయ్, అప్పుడు లాభమూ నష్టమూ పెద్దగా ఉండవు. పాతవాటిలో 24 నెలలకి దగ్గరపడ్డవి ముందు చూడు. కొత్తవి మాత్రం కొనకు.

వెస్ట్ తేదీలూ, ఆనాటి ధరలూ ఉన్న స్టేట్‌మెంటు నాన్నగారి వాట్సాప్‌కి పెట్టు, నాది స్టోరేజీ నిండిపోయింది. రాత్రిళ్ళు పెరుగన్నం మానకు. పిన్ని చెప్పిందని ఆవిడతో అనకు.

అమ్మ