ఆశ అక్కకు, డాక్టరమ్మకు, ఆటో అన్నకు

నేను వరంగల్ కాశిబుగ్గలో ఉంటాను, జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. ఈ శ్రావణంలో పెళ్లి జాకెట్లు ఇస్తానని ఒప్పుకొని ఇరవై రోజులు ఆలస్యం చేశాను, అడిగిన వాళ్లందరికీ జ్వరమని చెప్పాను. జ్వరం వచ్చిన మాట నిజమే కానీ అసలు సంగతి వేరే. యోని ద్వారం పక్కన గడ్డ లేచి చీము పట్టి ఆపరేషన్ దాకా పోయింది. నలుగురిలో ఇది చెప్పొచ్చా అని మా ఆయనను అడిగితే "చెప్పు, నాకేం నామోషీ లేదు" అన్నాడు. నన్ను గట్టెక్కించిన వాళ్లకు థాంక్స్ చెప్పాలంటే ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా, అందుకే దాచకుండా రాస్తున్నాను.

రెండేళ్ల కింద స్నానం చేస్తుంటే ఎడమ పక్కన బఠానీ గింజంత తగిలింది. నొప్పి లేదు, దురద లేదు. ఎవరినని అడగాలి, ఊరుకున్నాను. సంక్రాంతి తర్వాత అది ఉబ్బడం మొదలైంది, మగ్గం ముందు పీట మీద కూర్చుంటే సూది గుచ్చినట్టు ఉండేది. దగ్గర్లో సూది మందు ఇచ్చే ఆయన దగ్గరికి పోతే చూడకుండానే సెగ్గడ్డ అన్నాడు, వేడి చేసింది మజ్జిగ తాగమన్నాడు. మా అత్తమ్మ మొదట ఏమీ అనలేదు, తర్వాత ఒకరోజు బియ్యం చెరుగుతూ "అక్కడ గడ్డలు ఊరికే రావు" అంది. ఆ మాటకు నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. గడ్డ నొప్పి ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆ తర్వాత ఒక చిన్న క్లినిక్‌లో గాటు పెట్టి చీము తీశారు. ఆ రోజు ప్రాణం లేచి వచ్చింది. వారం తిరక్కుండానే గాటు మూసుకుపోయింది, నాలుగు నెలలకు శ్రావణంలో మళ్లీ అదే చోట నిమ్మకాయంత అయి కూర్చుంది. జ్వరం 102. కూర్చోలేను, కాళ్లు దగ్గరపెట్టి నడవలేను, మూత్రానికి పోవాలంటే భయం.

అప్పుడు పక్కింటి బాలింతను చూడటానికి మా వాడ ఆశ వర్కర్, అదే ఆశ అక్క వచ్చింది. నేను గోడకు ఆనుకొని నిలబడి హుక్కులు కుడుతుంటే చూసి ఆగింది. "కుర్చీ ఉండంగ నిలబడి ఎందుకు కుడుతున్నవ్ బిడ్డా?" అంది. ఆ ఒక్క ప్రశ్నకు ఏడుపొచ్చింది నాకు. లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరేసి అన్నీ అడిగింది, ఎక్కడ, ఎన్ని రోజులు, చీము కారిందా, జ్వరం ఎంత. "గిట్లాంటిది నేను ఇంతకుముందు ఇద్దరిని దవాఖానకు తీస్కపోయిన, నయమైంది, రేపు పొద్దుగాల ఓపీకి పోదాం, నేనే వస్త" అంది. వచ్చింది కూడా, ఏడున్నరకే.

ఆటోలో సీటు మీద కూర్చోలేక మోకాళ్ల మీద నిలబడి ముందు రాడ్ పట్టుకున్నాను. ఆటో అన్న ఒక్క మాట అడగలేదు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర దాదాపు ఆపి దాటించాడు, వెనక నుంచి హారన్లు కొడుతున్నా తొందరపడలేదు. అన్నా, నీ నంబరు కూడా అడగలేదు ఆ రోజు. నీకు దండం.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ పరదా వేసి, నర్సమ్మను పక్కన ఉంచుకొని, ఏం చేయబోతుందో ముందే చెప్పి చూసింది. తర్వాత ఓపీ చీటీ వెనక బొమ్మ గీసింది. ద్వారం చుట్టూ గడియారం అనుకుంటే నాలుగు దగ్గర ఒకటి, ఎనిమిది దగ్గర ఒకటి, బఠానీ గింజంత గ్రంథులు ఉంటాయట ప్రతి ఆడమనిషికీ. తడి కోసం కొద్దిగా ద్రవం వదలడం వాటి పని. ఆ ద్రవం బయటికి వచ్చే గొట్టం అంగుళం పొడవు ఉంటుందట, రోజంతా టేపు పట్టుకునే దాన్ని కాబట్టి అంగుళం అనగానే కళ్లకు కట్టింది. ఆ గొట్టం మూతి మూసుకుంటే ద్రవం లోపలే నిలిచి తిత్తిలా ఉబ్బుతుంది, అదే సిస్ట్. అందులోకి సూక్ష్మజీవులు చేరితే చీము గడ్డ. పేరు బార్తొలిన్ గ్రంథి, 17వ శతాబ్దంలో డెన్మార్క్ శరీర శాస్త్రవేత్త కాస్పర్ బార్తొలిన్ దీని గురించి రాశాడట. మూడు వందల ఏళ్ల కిందనే లోకానికి తెలిసిన దానికి మా వాడలో ఇప్పటికీ పేరు లేదు, "అక్కడ" అంటాం అంతే. నూటికి ఇద్దరు ఆడవాళ్లకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందట, ఎక్కువగా 20, 30 ఏళ్ల వయసులో.

నేను చాలాసేపు గుటకలు మింగి "ఇది చెడు రోగమా డాక్టరమ్మా" అని అడిగాను. ఆమె నాకు చెప్పలేదు. బయట బెంచీ మీద ఉన్న అత్తమ్మను లోపలికి పిలిపించింది. "అమ్మా, గొట్టం మూసుకుపోయింది, అందుకు వచ్చిన గడ్డ ఇది. కొందరిలో సుఖవ్యాధి వల్ల కూడా చీము పడుతుంది కాబట్టి ఆ పరీక్ష అందరికీ చేస్తాం, మీ కోడలికీ చేస్తాం. ఎక్కువమందిలో మామూలు క్రిములే ఉంటాయి. ఇందులో పిల్ల చేసిన తప్పేం లేదు" అంది. అత్తమ్మ తల ఊపింది. నాలుగు రోజులకు చీములో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్ట్ వచ్చింది, ఈ.కోలై అనే క్రిమి అట, మన అందరి పేగుల్లో ఉండేదే. సుఖవ్యాధులు లేవు, షుగర్ కూడా లేదు. డాక్టరమ్మా, మీరు చేసిన ఆపరేషన్‌కు ఒకసారి, అత్తమ్మతో చెప్పిన ఆ మాటకు వందసార్లు థాంక్స్.

ఆపరేషన్ పేరు మార్సుపియలైజేషన్, పలకడానికే కష్టం. ఉత్త గాటు పెడితే అంచులు అతుక్కొని మళ్లీ నిండుతుంది, అందుకే గాటు పెట్టి తిత్తి అంచులను చర్మానికి చుట్టూ కుట్టి చిన్న నోరు తెరిచి ఉంచుతామని చెప్పింది. నేను వెంటనే "కాజా!" అన్నాను. మా నాన్న దగ్గర పదేళ్ల వయసులో షర్టు కాజాలతోనే కదా నేను కుట్టు నేర్చుకున్నది, గుడ్డ చీల్చి వదిలేస్తే నిలబడదు, అంచు కుడితేనే నిలుస్తుంది. డాక్టరమ్మ "అచ్చంగా అదే" అంది. కొన్నిచోట్ల కొసన బుడగ ఉన్న సన్న రబ్బరు గొట్టం పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారట, అదీ మంచిదే, నాది ఒకసారి కోసి తిరగబెట్టింది కాబట్టి కాజానే వేశారు. ఇది చేసినా కొందరికి మళ్లీ రావచ్చని కూడా దాచకుండా చెప్పింది.

నడుముకు మత్తు సూది ఇచ్చారు, నొప్పి తెలియలేదు. కుట్లు వాటంతట అవే కరిగిపోయాయి. ఇంటికొచ్చాక రోజుకు మూడుసార్లు టబ్బులో గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి, గాయం మానేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండాలి, కాటన్ బట్టలే వేసుకోవాలి. ఆ నీళ్లు మూడు పూటలా కాచి తెచ్చింది అత్తమ్మే. మనసులో ఉన్నదంతా ఆ నీళ్లలోనే పోయింది, మేం దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

అక్కాచెల్లెళ్లారా, చిన్నగా ఉండి నొప్పి లేకపోతే కంగారు వద్దు, ఒకసారి చూపించుకోండి, చాలావాటికి మందే అక్కర్లేదట. చేత్తో పిసకొద్దు, పిన్నుతో గుచ్చొద్దు. గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. ఎర్రగా వాచి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే పోండి. పిల్లలు పుట్టడానికి ఇది అడ్డం కాదు. ఇంకోటి, 40 దాటాక కొత్తగా గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్ష చేయించాలి, క్యాన్సర్ చాలా అరుదే అయినా ఆ వయసులో చూడకుండా వదలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఆ మాట అత్తమ్మ మనసులో పెట్టుకుంది. నర్సంపేటలో ఉండే వాళ్ల చెల్లెలికి 48 ఏళ్లు, ఆరు నెలలుగా ఏదో గడ్డ ఉందట, ఎవరికీ చెప్పలేదట. అత్తమ్మే ఫోన్ చేసి "సిగ్గుపడితే అయితదా, రా" అని కోప్పడింది. సోమవారం ఆమెను తీసుకొని ఓపీకి పోతున్నాం, ఆశ అక్క కూడా వస్తానంది.