ఈ-సిగరెట్ మౌత్‌పీస్: జబ్బు ఒకచోట, మందు మరోచోట

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎలక్ట్రానిక్ సిగరెట్ పీలుస్తుంటే చేదు ద్రవం నాలుక మీదికి వస్తోందని ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు మీ పత్రికలో ఇచ్చిన జవాబు చదివాను. మౌత్‌పీస్ పాడైపోయి ఉంటుందనీ, పరికరాన్ని కుళాయి కింద కడిగి ఆరబెట్టాలనీ, అప్పటికీ తగ్గకపోతే కొత్తది కొనుక్కోవాలనీ అందులో రాశారు. చిన్న విద్యుత్ పరికరాలను విప్పి బాగుచేయడం చాలా ఏళ్లుగా నా వృత్తి. ఆ మూడు సలహాల్లో మొదటిది చాలాసార్లు తప్పు, రెండోది ప్రమాదకరం, మూడోది అనవసరపు ఖర్చు అని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఈ పరికరం మంచిదా చెడ్డదా అన్న వాదంలోకి నేను వెళ్లడం లేదు. దీని అమ్మకాన్నే నిషేధించిన దేశాలున్నాయి, షరతులతో అనుమతించిన దేశాలూ ఉన్నాయి, ఎక్కడ పీల్చినా నికోటిన్ నికోటినే. వాడుతున్నవారు పత్రికలో చూసిన సలహాను నమ్మి బ్యాటరీలోకి నీళ్లు పోసుకోకూడదన్నదే నా ఆదుర్దా.

మౌత్‌పీస్ అనే మాట దగ్గరే సగం తికమక ఉంది. చైనాకు చెందిన ఫార్మసిస్టు హోన్ లిక్ 2003లో రూపొందించిన నమూనా తర్వాత మొదట్లో వచ్చిన మూడు ముక్కల పరికరాల్లో, పెదవుల మధ్య పెట్టుకునే ముక్కే ద్రవం నింపిన గుళిక కూడా. అందులో ద్రవంతో నానిన పీచు ఉండేది, దాని వెనుక వేడిచేసే భాగం, ఆ వెనుక బ్యాటరీ ఉండేవి. ఆ రోజుల్లో నోట్లోకి ద్రవం వస్తే తప్పు మౌత్‌పీస్‌దే అని ధైర్యంగా చెప్పవచ్చు. తర్వాత వచ్చిన, ద్రవం నింపే చిన్న ట్యాంకు ఉన్న పరికరాల్లో మౌత్‌పీస్ అంటే పైన గుచ్చే ఒక ఖాళీ గొట్టం మాత్రమే; దాంట్లో వైరూ లేదు, దూదీ లేదు, ద్రవమూ లేదు. ఇప్పటి పాడ్‌లలో, అంటే బ్యాటరీకి తగిలించి ఊడదీసే ద్రవపు గుళికల్లో, అది ద్రవం ఉండే గదితో కలిసి ఒకే ప్లాస్టిక్ పోతగా వస్తోంది. కాబట్టి మౌత్‌పీస్ పాడైందని ఎవరైనా అన్నప్పుడు నేను ముందు అడిగేది అది ఊడి వస్తుందా రాదా అనే. ఊడి వచ్చే గొట్టమైతే అది పగలడం, వదులవడం, పూడుకుపోవడం తప్ప వేరే రోగం దానికి రాదు. మిగిలినవన్నీ కింద పుట్టి, పెదవి దగ్గర బయటపడేవే.

మీ పాఠకుడి ఫిర్యాదునే తీసుకుందాం. నోటికి తగిలే తడి రెండు రకాలు. ఒకటి, ఆవిరి చల్లబడి గొట్టం లోపలి గోడకు పట్టే చెమ్మ. ఈ ద్రవంలో ప్రధానంగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అంత వేడి నుంచి వచ్చిన ఆవిరి చల్లని గోడను తాకితే, ఉడుకుతున్న గిన్నె మూత కింద బొట్లు పేరుకున్నట్టే ఇక్కడా పేరుకుంటాయి. గొట్టం ఎంత పొడవుగా, సన్నగా ఉంటే అంత ఎక్కువ చెమ్మ పడుతుంది. ఇది లోపం కాదు. రోజుకొకసారి దూది పుల్లతో తుడిస్తే సరిపోతుంది. రెండోది, ద్రవం పీల్చుకున్న దూదిని వేడిచేసే తీగ చుట్ట, అంటే కాయిల్, ఉండే గది ద్రవంతో మునిగిపోయి, ఆ ద్రవమే గొట్టం వెంట పైకి రావడం. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. గొట్టాన్ని పూర్తిగా పొడిగా తుడిచి, మామూలుగా పది దమ్ములు లాగి, మళ్లీ దూది పుల్ల పెట్టి చూడాలి. పుల్ల కొస కాస్త తడిసి వస్తే అది చెమ్మ. నిండా నాని, ట్యాంకులోని ద్రవం రంగుతోనే వస్తే, అందులోనూ పీల్చేటప్పుడు లోపల గుడగుడమని చప్పుడు వినిపిస్తే, అది ముంపు.

ముంపు ఎందుకు వస్తుందో తెలియాలంటే ద్రవాన్ని ట్యాంకులో నిలిపి ఉంచేది ఏమిటో తెలియాలి. మూత గట్టిగా బిగిసి ఉన్నంతసేపు, ద్రవం పైన మిగిలిన కొద్దిపాటి గాలి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్లనే ద్రవం దూదిలోంచి కారిపోకుండా ఆగుతుంది. రబ్బరు రింగు చిరిగినా, కాయిల్ సరిగా కూర్చోకపోయినా, ట్యాంకులో సన్నని చీలిక ఉన్నా ఆ ఆధారం పోతుంది. పరికరాన్ని ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి ద్రవాన్ని బయటికి తోస్తుంది. పైగా వేడికి ద్రవమూ పలచబడుతుంది. విమానం పైకి లేచినప్పుడు బయటి పీడనం తగ్గి అదే జరుగుతుంది కాబట్టి, ప్రయాణానికి ముందు ట్యాంకు ఖాళీ చేసుకోవడం మేలు. నింపేటప్పుడు ద్రవాన్ని పక్కనున్న రంధ్రంలో కాకుండా పొరపాటున మధ్య గొట్టంలోనే పోసేవారు కూడా తక్కువేమీ కాదు. వీటన్నిటికంటే మామూలు కారణం మరొకటి ఉంది. పొగాకు సిగరెట్‌కు అలవాటుపడినవారు అదే బలంతో లాగుతారు, ఆ లాగుడుకు ఆవిరి కంటే ముందు ద్రవమే కాయిల్ గదిలోకి దూకుతుంది. పరికరం మారినా ఊపిరి అలవాటు మారదు కదా. నెమ్మదిగా, కాస్త ఎక్కువసేపు లాగమని చెప్పి పంపిస్తే చాలు, సగం మంది నా దగ్గరికి మళ్లీ రారు.

ముంచెత్తిన ద్రవాన్ని తీసేయడానికి కడగనక్కర్లేదు. పరికరాన్ని ఆపి, ట్యాంకును లేదా పాడ్‌ను బ్యాటరీ నుంచి విడదీసి, మౌత్‌పీస్ కొసకు నాలుగు మడతల కాగితపు రుమాలు చుట్టి, దాన్ని కిందికి పట్టుకుని, పాత పాదరసం థర్మామీటర్‌ను విదిలించినట్టు నాలుగైదుసార్లు విదిలిస్తే పేరుకున్న ద్రవమంతా రుమాల్లోకి దిగుతుంది. నోటితో ఊదమని కొందరు చెబుతారు గానీ, నికోటిన్ ద్రవం ఉన్న గొట్టానికి నోరు పెట్టి ఊదడం నాకు నచ్చని పని. తర్వాత బ్యాటరీ పైన ఉండే లోహపు స్పర్శ బిందువులను, పాడ్ అడుగును పొడి గుడ్డతో తుడిచి బిగించాలి. రెండు రోజుల్లో మళ్లీ అదే జరిగితే రబ్బరు రింగులనో కాయిల్‌నో మార్చాలి తప్ప మౌత్‌పీస్‌ను కాదు. నాలుకకు వేడి తుంపరలు తగలడం కూడా ఈ ముంపు బిడ్డే. కాయిల్ మీద ఎక్కువైన ద్రవం ఆవిరి కాకముందే చిటపటమని చిట్లి పైకి ఎగురుతుంది. శక్తిని మార్చుకునే వీలున్న పరికరమైతే, ఆ శక్తి కాయిల్ మీద ముద్రించిన పరిమితిలో మరీ అడుగున ఉందేమో చూడాలి. చాలీచాలని వేడితో ద్రవం ఆవిరి కాక నిలిచిపోతుంది.

బటన్ లేకుండా పీలిస్తేనే పనిచేసే పరికరాల్లో ఈ తడికి ఇంకో పర్యవసానం ఉంది. పీల్చినప్పుడు పీడనం తగ్గడాన్ని గుర్తించే చిన్న సెన్సర్ ఒకటి వాటి లోపల ఉంటుంది. గొట్టం నుంచి దిగిన ద్రవం దాని మీద పడితే, ఎంత పీల్చినా పరికరం పలకదు, లేదా ఎవరూ పీల్చకుండానే దానంతటదే వేడెక్కుతుంది. ఈ రెండో స్థితిలో మరమ్మతు ఆలోచన పక్కన పెట్టి, పాడ్ వెంటనే ఊడదీసి, పరికరాన్ని మంటకు అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచాలి. మళ్లీ వాడకూడదు, చార్జింగ్‌కూ పెట్టకూడదు.

గాలి రావడం లేదనే ఫిర్యాదు గురించి చెప్పాలంటే నా పరువు కొంచెం పోగొట్టుకోవాలి. ఒక మిత్రుడు తెచ్చిన కొత్త పరికరంతో నేను అరగంట కుస్తీ పట్టాను. గొట్టం తీశాను, ట్యాంకు తీశాను, కాయిల్ మార్చాను. చివరికి చూస్తే అడుగున గాలి వెళ్లే రంధ్రంలో రవాణాకోసం పెట్టిన రబ్బరు బిరడా అలాగే ఉంది. కొత్త వాటికి మౌత్‌పీస్‌లోనూ, పాడ్ అడుగునా ఇలాంటి బిరడాలు, అంటించిన కాగితాలు ఉంటాయి. ముందు వాటిని చూసిన తర్వాతే మిగతా సంగతి. పాతబడిన వాటిలో జేబులోని నూలు పోగులు, ఎండిన ద్రవం, తీపి కలిపిన ద్రవాల వల్ల కాయిల్ దగ్గర మాడి వచ్చిన నల్లటి మడ్డి దారిని మూసేస్తాయి. గ్లిజరిన్ పాలు ఎక్కువున్న ద్రవం చలికి చిక్కబడి కూడా ఊపిరి బిగిస్తుంది. అరచేతిలో కాసేపు పట్టుకుంటే చాలు, అగ్గిపుల్లతో వేడిచేయాల్సిన అవసరం లేదు. ఏదేమైనా బిగించి ఉన్న గొట్టంలోకి పిన్నీసు దూర్చడం మాత్రం వద్దు. ఆ పిన్నీసు వెళ్లి తగిలేది కాయిల్ తీగకూ దూదికీ. తీగ తెగితే పరికరం ఆగిపోతుంది, దూది చీలితే ఇంతకుముందు లేని ముంపు మొదలవుతుంది.

మౌత్‌పీస్ పెదవిని కాల్చడం ఎక్కువగా లోహపు గొట్టాల్లో కనిపిస్తుంది. గాలి రంధ్రాలు మూసి, ఊపిరి తిప్పుకోకుండా దమ్ము మీద దమ్ము లాగితే వేడి పోవడానికి దారి ఉండదు. గాలి తెరిచి, దమ్ముల మధ్య వ్యవధి ఇస్తే తగ్గుతుంది. వేడిని అంతగా మోయని ప్లాస్టిక్ గొట్టం వేసుకున్నా తగ్గుతుంది. వేడితోపాటు మాడు రుచి కూడా వస్తే అది దూది ఎండి కాలుతున్న గుర్తు, అప్పుడు ఆపేయడమే సరైన పని.

వదులైన గొట్టం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పీలుస్తుండగా ఊడి గొంతులోకి జారే అవకాశం ఉన్నది దానికే. దాదాపు ఎప్పుడూ కారణం అరిగిన రబ్బరు రింగే. కొత్త గొట్టం కొనేటప్పుడు సైజు చూసుకోవాలి. 510 అని పిలిచేవి సన్నవి, 810 అనేవి వెడల్పైనవి. ఒకటి రెండోదానిలో కూర్చోదు. రింగు బిగుతుగా ఉండి గొట్టం ఎక్కకపోతే అదే ద్రవాన్ని ఒక చుక్క రాయాలి. కుట్టుమిషన్ నూనె, వంటనూనె, పెట్రోలియం జెల్లీ వంటివి ఇక్కడ పనికిరావు, ఎందుకంటే ఆ గొట్టం గుండా పోయేది నేరుగా ఊపిరితిత్తుల్లోకి. అమెరికాలో 2019లో మొదలై 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మందిని ఆసుపత్రి పాలుచేసిన లేదా ప్రాణం తీసిన ఊపిరితిత్తుల జబ్బుకూ, విటమిన్ ఇ ఎసిటేట్ అనే జిడ్డు పదార్థానికీ బలమైన సంబంధం ఉన్నట్టు అక్కడి ఆరోగ్య అధికారులు తేల్చారు. అది ప్రధానంగా గంజాయి సారం కలిపిన సరుకులో దొరికింది. రింగుకు రాసే చుక్క నూనె దానితో సమానమని నేను అనడం లేదు. అయినా పీల్చే దారిలో నూనె పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక కడగడం. ఊడి వచ్చే గొట్టాన్ని మాత్రమే విడిగా తీసి, గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరిన తర్వాత బిగించాలి. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంగుతుంది. అక్రిలిక్, పాలీకార్బొనేట్ గొట్టాలను ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు వస్తాయి. దాల్చినచెక్క, నిమ్మజాతి వాసనలున్న కొన్ని ద్రవాలు కూడా పాలీకార్బొనేట్ ట్యాంకులను అలాగే చీలుస్తాయి. పగిలినదాన్ని అంటించుకోవద్దు. పాడ్‌తో కలిసిపోయిన మౌత్‌పీస్‌ను కడగడానికే లేదు, తుడవాలంతే. ఈ పనులన్నిటిలో చేతికంటే ద్రవంలోని నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి చేరుతుంది కాబట్టి వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. ద్రవం పీల్చుకున్న రుమాలును పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందేలా వదిలేయకూడదు. పెద్దవాళ్లకు చేదుగా తగిలిన ఆ కాస్త ద్రవం పసివాడికి విషం.

తయారీదారుల సంగతి కూడా ఒక మాట అనాలి. నా చేతికి వచ్చిన పరికరాల వివరణ పుస్తకాల్లో దీపం ఎన్నిసార్లు వెలిగితే ఏమిటో పేజీలకొద్దీ ఉంటుంది, మౌత్‌పీస్ గురించి ఒక వాక్యం దొరికితే గొప్ప. యూరోపియన్ యూనియన్ 2014 నాటి పొగాకు ఉత్పత్తుల ఆదేశంలో ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదనీ, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదనీ చెబుతూనే, కారకుండా నింపుకునే ఏర్పాటు ఉండాలని కూడా షరతు పెట్టింది. అంటే లీకు అనేది వాడేవారి అజాగ్రత్త ఒక్కటే కాదు, తయారీ బాధ్యత కూడా. పెట్టెలో రెండు రబ్బరు రింగులు, ఒక అదనపు గొట్టం పెట్టడం వారికి పెద్ద భారం కాదు. అవి లేకపోబట్టే, గొట్టం తుడిస్తే పోయే దోషానికి కూడా జనం మంచి లిథియం బ్యాటరీతో సహా పరికరాన్ని చెత్తలో పారేస్తున్నారు.

మీ పాఠకుడికి నా జవాబు ఇది. ఆయన చెప్పిన లక్షణాన్ని బట్టి అది ముంపు కావచ్చు. ముందు ట్యాంకు విడదీసి విదిలించమనండి, రింగులు చూసుకోమనండి, లాగుడు తగ్గించమనండి. ఈ లేఖ మొత్తం వేయడానికి చోటు లేకపోతే, పరికరాన్ని కుళాయి కింద కడగవద్దనీ, ఇప్పటికే కడిగినవారు దాన్ని చార్జింగ్‌కు పెట్టవద్దనీ ఒక సవరణ అయినా అదే శీర్షిక కింద ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విద్యుత్ పరికరాల మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు