ఆ ఫోటోల అంచులు కత్తిరించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపిన పాత ఫోటోలు వేశారు కదండీ, మా ఇంట్లో ఆ పేజీ కోసం కొట్టుకున్నంత పని చేశారు. కానీ కింద ఒక మాట రాశారు, ఆ రోజుల్లో మనుషులు గంభీరంగా ఉండేవాళ్ళు, నవ్వే తక్కువ అని. మా అమ్మమ్మని చూసుంటే అలా రాసేవాళ్ళు కాదు. ఆవిడ నవ్విందంటే పక్క వాటా వాళ్ళు ఏమైందోనని వచ్చి చూసేవాళ్ళు. ఫోటోలో మాత్రం పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

మొదట్లో తప్పు కెమెరాదేనండీ. 1838లో పారిస్‌లో డాగేర్ అనే ఆయన మేడ మీద నుంచి ఒక పెద్ద రోడ్డు ఫోటో తీశాడు, అప్పట్లో ఫిల్ముకి బదులు వాడే పలక మీద బొమ్మ పడ్డానికి నిమిషాలకి నిమిషాలు పట్టేది కాబట్టి బళ్ళూ జనమూ ఒక్కళ్ళు కూడా అందులో పడలా, బూట్లు పాలిష్ చేయించుకుంటా కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం పడ్డాడు. సాయంత్రం ఆరింటికి మా విజయవాడలో జనంతో కిటకిటలాడే బీసెంట్ రోడ్డు ఫోటో తీస్తే చెప్పు కుట్టించుకునే ఆయన తప్ప ఎవరూ లేనట్టు! తర్వాత మంచి లెన్సులొచ్చి, 1851 నాటికి గాజు పలకకి మందు పూసి తడి ఆరకముందే ఫోటో తీసే పద్ధతి వచ్చి టైము సెకన్లకి దిగింది గానీ ఆ కాసేపు కూడా కదలకూడదు, అందుకే తల వెనకాల కనపడకుండా ఇనప స్టాండు పెట్టేవాళ్ళు, చెయ్యి కుర్చీ మీదో పూలకుండీ ఉన్న బల్ల మీదో ఆనించేవాళ్ళు. నవ్వు అంతసేపు నిలవదు కదా, మీరే అద్దం ముందు ట్రై చెయ్యండి.

పళ్ళు బాగోక నవ్వలేదంటారు కొందరు, నాకు నమ్మబుద్ధి కాదు. అలాగని అంతా కెమెరా మీదకే తోసెయ్యలేం, ఎందుకంటే మా అమ్మమ్మ స్టూడియోకి వెళ్ళేనాటికి క్లిక్కుమంటే అయిపోయేది, అయినా ఫోటో అంటే జన్మకి ఒకటో రెండో, గోడకెక్కే వస్తువు, గుళ్ళో నిలబడ్డట్టే నిలబడాలి. కెమెరా స్పీడయింది, మనిషి మాత్రం బిగుసుకునే ఉన్నాడు.

అసలు మామూలుగా ఎలా ఉండేవాళ్ళో తెలియాలంటే చెప్పకుండా తియ్యాలి. నార్వేలో కార్ల్ స్టోర్మర్ అనే కుర్రాడు, తర్వాత పెద్ద గణిత శాస్త్రవేత్త అయ్యాళ్ళెండి, 1890ల్లో చొక్కా పైన వేసుకునే కోటులో కెమెరా దాచి, గుండీ కన్నంలోంచి లెన్సు పెట్టి రోడ్డు మీద ఎదురయ్యే వాళ్ళని తీశాడు, సుమారు 500 ఫోటోలు. టోపీ ఎత్తి పలకరించేవాళ్ళు, నవ్వుకుంటా వెళ్ళేవాళ్ళు. అవే సంవత్సరాల్లో స్టూడియోల్లో మాత్రం అందరూ రాతి బొమ్మలే.

మనకి అలాంటి ఫోటోలు పెద్దగా లేకపోయినా భాషలో మిగిలిపోయింది చూడండి. ముక్కు మీద వేలేసుకుంది, బుగ్గలు నొక్కుకున్నారు, మెటికలు విరిచింది. ఇవి నేను చూసిన ఏ పాత స్టూడియో ఫోటోలోనూ కనపడవు, నోటి మాటలో మాత్రం బతికున్నాయి. ఇంకోటి, చేతులు కట్టుకుని నిలబడ్డం అంటే మనకి వినయం, పెద్దాళ్ళ ముందు అలాగే నిలబడేవాళ్ళు, కండువా భుజం మీద నుంచి తీసి నడుముకి చుట్టి మరీ. ఇప్పుడు మా అబ్బాయి కాలేజీలో ఇంటర్వ్యూ క్లాసులో చేతులు కట్టుకుంటే ఎదుటివాడిని దూరం పెడుతున్నట్టు అని చెప్పారంట. వాడు ఇంటికొచ్చి గోడ మీద మా తాతగారి ఫోటో చూసి, ఈయనకి ఉద్యోగం రాదమ్మా అన్నాడు.

ఇక నా బాధ చెప్తా. మా పిన్ని పెళ్ళి ఫోటో ఒకటి ఉండేది, గుంటూరులో పందిట్లో తీసింది. మధ్యలో అందరూ కర్రల్లా నిలబడ్డారు. ఎడమ అంచున మాత్రం గుండిగ పక్కన గొంతుక్కూర్చున్న ఒకావిడ, పమిట చెంగు పళ్ళతో పట్టుకుని జుట్టు ముడేసుకుంటా ఉంది, వెనకాల ఇద్దరు మగాళ్ళు చిటికెన వేళ్ళు పట్టుకుని నడుస్తున్నారు. ఫ్రేము కట్టించమని ఒక షాపులో ఇస్తే ఆ అంచు కత్తిరించి ఇచ్చాడు. స్కాన్‌లో కాదండీ, అసలు ఫోటోనే! అడిగితే, ఆ పనామె ఎందుకులేమ్మా అని నీట్‌గా చేశా అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మీరు వేసిన వాటిల్లో కూడా మూడు నాలుగు అలాగే మనుషుల వరకు కత్తిరించినట్టున్నాయి, ఒకదాంట్లో కుర్చీ వెనక ఎవరిదో మోచెయ్యి సగం కనపడుతుంది, ఆ మిగతా సగం ఎవరో అని పొద్దుటి నుంచి చూస్తున్నా. వచ్చే వారం నుంచి పూర్తి ఫోటో వెయ్యండి, కదిలిపోయినవి కూడా పంపమని పాఠకుల్ని అడగండి, బాలేవని జనం అవే ముందు పారేస్తారు.

దీంతో పాటు ఒకటి పంపుతున్నా. మా అమ్మమ్మ పెరట్లో పీట మీద కూర్చుంది, మొహం బాగానే ఉంది గానీ కుడి చెయ్యి పొగలా పడింది. దోమని కొడుతుందో, తియ్యొద్దురా అని మా మావయ్యని అదిలిస్తుందో చెప్పలేను. నేనైతే రెండోదే అంటాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ