ఆ గోడల బొమ్మలకు చిన్న మ్యూజియమే దిక్కు

సంపాదకుడు గారికి,

అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో మనవాళ్లు పాత ఇళ్లు కొని రీమోడలింగ్ చేయించుకుంటున్నారని మీ ఎన్నారై పేజీలో చదివాను. బోస్టన్ దగ్గర ఉంటున్న పాఠకురాలిగా ఒక మాట చెప్పాలనిపించింది. ఆ ఇళ్లలో కొన్నింటి గోడల మీద, వాల్‌పేపర్ పొరల కింద, రెండు వందల ఏళ్ల నాటి బొమ్మలు ఉండొచ్చు. చూసుకోకపోతే అవి ఒక్క పూటలో పోతాయి.

ఈ బొమ్మలు వేసినవాళ్లలో బాగా పేరున్నవాడు రూఫస్ పోర్టర్ (1792-1884). 1845లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక పెట్టింది ఆయనే. ఆవిరితో నడిచే గాలి ఓడలో జనాన్ని కాలిఫోర్నియా చేరుస్తానని 1849లో పథకం వేసిందీ ఆయనే. అంతకుముందు ఊరూరా తిరిగి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేశాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చే ఖరీదైన వాల్‌పేపర్ జోలికి పోలేని మామూలు కుటుంబాలు తమ గదుల నిండా నదులు, ఓడలు, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ రేవు, కొండవాలు మీద తెల్లటి ఇళ్లు వేయించుకున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే పనితనం తెలుస్తుంది. ముందువరసలో పొడుగాటి ఎల్మ్ చెట్టు, దాని మాను ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ. ఆకుల్ని ఒక్కొక్కటిగా గీయలేదు, బ్రష్షును రంగులో ముంచి గుత్తులుగా అద్దాడు. ఇళ్లకు స్టెన్సిల్ (ఆకారం కత్తిరించిన అచ్చు) వాడాడు. మనుషులు దాదాపు కనిపించరు.

విద్యను దాచుకున్నవాడు కూడా కాదు. 1825లో అచ్చువేసిన పుస్తకంలో పద్ధతంతా రాసిపెట్టాడు. గాలన్ నీళ్లలో అర పౌండు జిగురు కరిగించి అందులో రంగులు కలపాలి, గది చుట్టూ దాదాపు ఛాతీ ఎత్తున గీత గీయాలి, అదే దిగంతం. ఎవరైనా నేర్చుకోవచ్చన్న నమ్మకం అందులో కనిపిస్తుంది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

చిక్కంతా ఆ జిగురుతోనే. మన ఇళ్లకు ఒకప్పుడు కొట్టించిన డిస్టెంపర్ లాగే ఇదీ తడి తగిలితే వదిలేస్తుంది. పైకప్పు కారినా, తడిగుడ్డతో తుడిచినా రంగు పోతుంది. వాల్‌పేపర్ ఊడదీయడానికి కాంట్రాక్టర్ ఆవిరి పట్టే స్టీమర్ యంత్రం పెడితే కాగితంతో పాటు బొమ్మా వచ్చేస్తుంది. పైగా ఆ గోడలు చెక్కబద్దల మీద మెత్తిన ప్లాస్టర్. అది బద్దల నుంచి విడిపోతే బొమ్మ మొత్తం కూలుతుంది. ఇల్లు పడగొట్టక తప్పనప్పుడు గోడనే ముక్కలుగా కోసి, వెనక బలం కట్టి తరలించాలి. చాలా ఖర్చుతో కూడిన పని.

అలా కాపాడిన గోడలు ఎక్కడికెళ్లాలి? వేలంలో ముక్కలుగా అమ్ముడైపోవడం నాకు అన్యాయమనిపిస్తుంది. ఇవి నాలుగు గోడలూ కలిసి ఒక్క బొమ్మ. మెయిన్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌టన్ ఐదు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. అక్కడ పోర్టర్ పేరుతో ఒక చిన్న మ్యూజియం ఉంది. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌వుడ్‌లో ఒక డాక్టరు ఇంటికి పోర్టర్, ఆయన మేనల్లుడు జొనాథన్ పూర్ కలిసి 1838లో వేసి సంతకం పెట్టిన బొమ్మలు ఇప్పుడు అందులో ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే ఆ కాలం వాళ్ల గదిలో ఉన్నట్టే ఉంటుంది. పెద్ద నగరంలో అద్దాల వెనక ఒక్క ముక్క చూస్తే అది రాదు.

కానీ చిన్న మ్యూజియానికి చలికాలం హీటింగ్, గాలిలో తేమ అదుపు, ఇన్సూరెన్స్ అన్నీ భారమే. 2025లో ఫెడరల్ ప్రభుత్వం మ్యూజియాలకు, మానవీయ శాస్త్రాలకు ఇచ్చే గ్రాంట్లకు కోత పెట్టింది, వాటి మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. పై నుంచి వచ్చే డబ్బు మీదే ఆధారపడితే ఇలాంటి చోట్లు ఎప్పుడూ టెన్షన్‌లోనే ఉంటాయి. కాబట్టి ఊరివాళ్లతో పాటు చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఉంటున్న మనమూ ముందుకు రావాలి. మనం బతుకుతున్న నేల చరిత్ర మనది కూడా. మనవాళ్లు పనిచేసే చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. గుడికీ, తెలుగు సంఘానికీ వాడుకుంటున్న ఆ సౌకర్యాన్ని ఇలాంటి మ్యూజియాలకూ వాడొచ్చు.

ఏటా ఆకుల రంగులు చూడటానికి న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ కొండలకు వెళ్తాం కదా, పోర్ట్‌లాండ్ నుంచి నార్త్ కాన్వే వెళ్లే 302 రోడ్డు బ్రిడ్జ్‌టన్ మీదుగానే పోతుంది. మ్యూజియం తెరిచి ఉందో లేదో కనుక్కుని ఒక గంట ఆగండి, పిల్లల్ని తీసుకెళ్లండి. ఇక పాత ఇల్లు కొన్నవాళ్లు స్టీమర్ పెట్టించే ముందు అల్మారా వెనకో, మూలనో ఒక చిన్న చోట కాగితాన్ని పొడిగానే లేపి చూడండి. రంగు కనిపిస్తే పని ఆపేసి, ఫొటో తీసి, ఇలాంటి గోడల కోసమే పనిచేస్తున్న ‘సెంటర్ ఫర్ పెయింటెడ్ వాల్ ప్రిజర్వేషన్’ వాళ్లకు పంపండి.

మీ పత్రిక ఈ విషయం మీద ఒక పూర్తి వ్యాసం వేస్తే ఇక్కడి తెలుగు కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మసాచుసెట్స్, అమెరికా