క్వయర్ మాస్టర్ జీతం అడిగితే తప్పేంటి?

సంపాదకులకు నమస్కారం.

మా చర్చిలో క్వయర్ (పాటల బృందం) నడిపే మాస్టారు నెలకి ఇంత అని ఇప్పించమని అడిగితే కమిటీ పెద్ద ఒకాయన "దేవుని పరిచర్యకి జీతమేంటండీ" అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయింది. కొత్త స్పీకర్లకి మాత్రం చందాలు బాగానే వసూలయ్యాయి.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడ క్వయర్ మాస్టర్ అంటే పగలు ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు (వారానికి రెండు పీరియడ్లే సంగీతం, మిగతా టైమంతా సోషల్ చెప్పిస్తారు), సాయంత్రం కీబోర్డు ట్యూషన్లు, రాత్రి చర్చిలో ప్రాక్టీసు, ఆదివారం ఆరాధనలో పాటలు. సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ళ హెచ్చు, తగ్గు గొంతులు), టెనర్, బేస్ (మగవాళ్ళ హెచ్చు, తగ్గు గొంతులు) ఈ నాలుగు గొంతుల్నీ విడివిడిగా కూర్చోబెట్టి, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రానివాళ్ళకి బోర్డు మీద డో రే మీ రాసి నేర్పించాలి, అది తెలుగులో కుదిరాక ఒడియా పాట, పండగొస్తే సవర (ఇక్కడి గిరిజనుల భాష) పాట. పైగా 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు రాసిన కీర్తనలు పల్లవి, చరణాలు, రాగం, తాళంతో నడిచేవి, వాటిని నాలుగు గొంతులకి పంచేస్తే రాగం చెడిపోతుంది, కాబట్టి ఎక్కడ పంచాలో ఎక్కడ అందరిచేతా ఒకే వరసలో పాడించాలో తెలిసినవాడు కావాలి. ఫోన్లో ట్రాక్ పెట్టి పాడేస్తే ఈ గొడవేం ఉండదనుకోండి. చాలాచోట్ల ఇప్పుడు జరుగుతున్నది అదే.

జర్మనీలో బాఖ్ అనే పేరున్న సంగీతకారుడు చేసిందీ దాదాపు ఇదే ఉద్యోగం. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా లైప్‌జిగ్‌లో స్కూలు పిల్లలకి సంగీతం చెప్పడం, వాళ్ళనే ఊళ్ళోని చర్చిలకి గాయకులుగా తయారుచేయడం, ఆదివారాలు పాట నడిపించడం. ఒక్కో క్వయర్‌కి కనీసం 12 మంది కావాలి, 16 మంది ఉంటే ఇంకా మంచిది, కానీ ఉన్న కుర్రాళ్ళలో 17 మందే పనికొస్తారు, 20 మంది ఇంకా తయారవ్వాలి, మరో 17 మంది అసలు పనికిరారు అని 1730లో ఊరి పాలకులకి రాసిచ్చాడు. (మా మాస్టారు మా గురించి రాస్తే లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది.) అదే ఏడాది స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, ఊళ్ళో గాలి ఆరోగ్యంగా ఉంటే అంత్యక్రియలు తగ్గి, వాటికి తనకొచ్చే రుసుము పోయి, రాబడి పడిపోతోందని వాపోయాడు కూడా. అంత పెద్ద సంగీతకారుడే డబ్బు గురించి నోరు తెరిచి మాట్లాడితే మనవాళ్ళు ఎందుకు మొహమాటపడాలి? ఆయనకి కనీసం జీతం ఉంది, స్కూలు భవనంలోనే ఇల్లు కూడా ఇచ్చారు.

నేననేది ఏంటంటే, చర్చి ఒక్కటే భరించలేకపోతే పక్కనే ఉన్న మిషన్ స్కూలుతో కలిసి ఒకే పోస్టు వెయ్యండి. పగలు స్కూల్లో అచ్చంగా సంగీతమే చెప్తాడు, రాత్రి క్వయర్ చూసుకుంటాడు, జీతం చెరిసగం. లేకపోతే నేర్చుకున్న కుర్రాళ్ళంతా విశాఖపట్నం వెళ్ళి పెళ్ళి ఫంక్షన్లలో కీబోర్డు వాయించుకుంటారు, వాళ్ళని తప్పుపట్టలేం.

బరంపురం, రాయగడ, జయపురం చర్చిల్లో ఎక్కడైనా ఇలా చేస్తుంటే అక్కడి పాఠకులు దయచేసి ఈ పేజీకి రాయండి. ఎంత ఇస్తున్నారో కూడా రాయండి, మా కమిటీకి చూపిస్తాను.

ఇట్లు,
క్వయర్‌లో ఒక టెనర్,
పర్లాకిమిడి